జర్మనీలో ఒక వేసవి: గది తాళం చేతికొచ్చిన రోజు నుంచి తిరిగిచ్చే రోజు దాకా

మే మొదటి వారంలో ఒక సూట్‌కేసుతో గ్యోటింగెన్ స్టేషన్లో దిగాను. జులై ఆఖర్లో అదే ప్లాట్‌ఫాం మీద నుంచి వెనక్కి బయల్దేరాను. ల్యాబ్‌లో నేర్చుకున్నది రిపోర్టులో రాసిచ్చాను. కానీ పూట గడవడానికి తెలియాల్సిన సంగతులు ముందుగా నాకెవరూ చెప్పలేదు. జర్మనీకి చెందిన డి.ఎ.ఎ.డి. సంస్థ ల్యాబ్ పని నేర్చుకోవడానికిచ్చే వైజ్ స్కాలర్‌షిప్ మీదో, ఒక ప్రొఫెసర్ పిలిస్తేనో మీరు కూడా రెండు మూడు నెలలు అక్కడ గడపబోతుంటే, ఇది మీ కోసమే రాస్తున్నాను.

మొదట ఒక మాట. అక్కడ మనల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది భాష కాదు, మొహమాటం. మన ఇళ్ళలో అవతలివాళ్ళ మొహం చూసి ఆకలి కనిపెడతారు, అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చిస్తారు. జర్మన్లు అలా ఊహించి చెయ్యరు. మన మనసులో ఏముందో ఊహించుకుని మన తరఫున నిర్ణయం తీసేసుకోవడం వాళ్ళకు మర్యాద అనిపించదు. అడిగితే మాత్రం పని ఆపి, కాగితం తీసి, దారి గీసి మరీ చెప్తారు. కింద రాసినవాటిలో సగం పనులు ఈ ఒక్క తేడా మీదే నడుస్తాయి.

1. గది వెతకడం: మూడు నెలల ముందే మొదలుపెట్టండి

వేసవి సెమిస్టర్ క్లాసులు ఏప్రిల్ మధ్యలో మొదలై జులై మధ్యదాకా నడుస్తాయి. అందుకని మే, జూన్ నెలల్లో గది దొరకడం కష్టం, ఆగస్టులో తేలిక. మిమ్మల్ని పిలిచిన ల్యాబ్ ఆఫీసులో కాగితాలు చూసే ఆవిడకు మొదటి ఈమెయిల్ రాయండి. ఊళ్ళో గెస్ట్‌హౌసుల సంగతి, హాస్టళ్ళు నడిపే స్టూడెంటెన్‌వెర్క్ సంగతి ఆవిడకు తెలిసినంతగా ప్రొఫెసర్‌కు కూడా తెలియదు.

అది కుదరకపోతే వేగే చూడండి. నలుగురైదుగురు కలిసి ఒక ఫ్లాట్ తీసుకుని, ఎవరి గది వాళ్ళది, వంటిల్లూ బాత్రూమూ అందరివీ అన్నట్టు ఉండడాన్ని అక్కడ వేగే అంటారు. వాళ్ళలో ఒకరు కొన్నాళ్ళు ఊరెళ్తే ఆ గదిని సామానుతో సహా మరొకరికి ఇచ్చి వెళ్తారు. దాన్ని ట్స్విషెన్‌మీటె అంటారు. మనలాంటి వాళ్ళకు సరిపోయేది ఇదే. వేగే-గెజూక్ట్ అనే సైట్లో ఇవి దొరుకుతాయి. ఒప్పుకునే ముందు మీతో వీడియోకాల్లో మాట్లాడతారు. అప్పుడు వంట చేస్తానా, పొద్దున ఎన్నింటికి లేస్తాను, శుభ్రం చేసే వంతు పాటిస్తానా అన్నవి ఉన్నదున్నట్టు చెప్పండి. నచ్చేట్టు మాట్లాడాలని చూడొద్దు. వాళ్ళకు కావాల్సింది మూడు నెలలు ఇబ్బంది లేకుండా కలిసి ఉండగలిగే మనిషి.

గది చూపించకుండా, కాగితం రాసివ్వకుండా ముందే డబ్బు పంపమంటే అది మోసమే అనుకుని వదిలెయ్యండి. అద్దె చెప్పినప్పుడు అది కాల్ట్ అద్దా, వార్మ్ అద్దా అని అడగండి. మొదటిదంటే ఒట్టి గది అద్దె. నీళ్ళు, హీటింగ్, చెత్త ఖర్చులు కలిస్తే రెండోది. కరెంటు, ఇంటర్నెట్ అందులో ఉన్నాయో లేవో విడిగా అడగాలి. మనం అడ్వాన్స్ అనేదాన్ని వాళ్ళు కౌత్సియోన్ అంటారు. చట్టం ప్రకారం అది మూడు నెలల కాల్ట్ అద్దెకు మించకూడదు.

గది కుదిరాక ఇంకో ప్రశ్న: "గంట మీద నా పేరు పెడతారా?" అక్కడి అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబర్లుండవు. వీధి తలుపు దగ్గర బటన్ల వరస, ఒక్కో బటన్ పక్కన ఇంటిపేరు ఉంటుంది. పోస్టుడబ్బా మీదా అంతే. మీ పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి వెళ్ళిపోతుంది. నాకు రావాల్సిన బ్యాంకు కవరు ఒకటి అలాగే తిరిగి వెళ్ళింది. పోస్టుమాన్ పక్కింటావిడను అడిగి ఇచ్చిపోవడం అక్కడ ఉండదు.

మూడు నెలల లోపు వచ్చిపోయేవాళ్ళకు మామూలుగా ఊళ్ళో పేరు నమోదు చేసుకునే పని లేదు. అంతకు మించి ఉండేట్టయితే ఇంట్లో దిగిన 2 వారాల్లో టౌన్ ఆఫీసుకు వెళ్ళి ఆన్‌మెల్డుంగ్ చేయించుకోవాలి. దానికి ఇల్లిచ్చినవాళ్ళు సంతకం పెట్టిన కాగితం కావాలి. అది గది మాట్లాడుకునేటప్పుడే అడిగి ఉంచుకోండి.

2. సూట్‌కేసులో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

అమ్మ పెట్టేవాటిలో ముందు తీసెయ్యాల్సింది నెయ్యి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు పాలతో, మాంసంతో చేసినవి తేకూడదు. పాలకోవా, నేతి సున్నుండలు, చికెన్ పచ్చడి అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తీసుకెళ్ళడం కుదరదు. నెయ్యికి బెంగ పెట్టుకోకండి. ఏ సూపర్‌మార్కెట్‌కు వెళ్ళినా బుటర్‌ష్మాల్ట్స్ అని అమ్ముతారు. కాచి వడగట్టిన వెన్నే అది. వేడన్నంలో ముద్దపప్పు మీద వేసుకుంటే నాకు ఇంటి నెయ్యికి పెద్ద తేడా తెలియలేదు.

ఆవకాయ పెట్టుకోవచ్చు. సీసాలో వద్దు. రెండు మందపాటి కవర్లలో సీల్ చేయించి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను పాత తువ్వాలులో చుట్టండి. కందిపొడి, కారప్పొడి, సాంబారు పొడి, ఎండబెట్టిన కరివేపాకు, ఇంగువ, ఒక చిన్న పోపుడబ్బా చాలు. బియ్యం, పప్పులు మొయ్యక్కర్లేదు. కుక్కర్ తీసుకెళ్ళాలనుకుంటే అక్కడి పొయ్యి ఏదో ముందు అడగండి. ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు, అడుగు స్టీలుది కావాలి.

బట్టల విషయంలో వేసవి అన్న మాట నమ్మకండి. జూన్లో పొద్దున 10 డిగ్రీల చలి వెయ్యొచ్చు, జులైలో ఒక వారం 35 డిగ్రీలు దాటొచ్చు, మధ్యలో ఎప్పుడైనా వాన రావొచ్చు. ఒక పలచని వానకోటు, ఒక స్వెటర్, నడకకు మంచి బూట్లు ఉంటే చాలు. మీ కాలేజీలో ఎడురోమ్ వైఫై ఉంటే ఫోన్లో ఇక్కడే సెట్ చేసుకోండి. అక్కడి యూనివర్సిటీలో అడుగు పెట్టగానే దానంతట అదే కలుస్తుంది.

3. మొదటి రోజు: ఆదివారం దిగకండి

టికెట్ కొనేటప్పుడే ఇది చూసుకోండి. ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు. సూపర్‌మార్కెట్ కూడా ఉండదు. పొద్దున కొన్ని గంటలు బేకరీలు, పెద్ద స్టేషన్లలో కొట్లు, పెట్రోల్ బంకులు మాత్రమే తీస్తారు. నేను శనివారం రాత్రి దిగాను. మర్నాడంతా విమానంలో ఇచ్చిన బిస్కెట్లూ, కుళాయి నీళ్ళూ. పక్క గదిలో ఒకమ్మాయి ఉంది. తలుపు తట్టి "తినడానికేమైనా ఉందా" అని అడగడానికి నాకు నోరు రాలేదు. సోమవారం ఈ సంగతి తెలిసి ఆ అమ్మాయి నిజంగా బాధపడింది. "నువ్వు అడగలేదు, నాకెలా తెలుస్తుంది?" అంది. మొహమాటం గురించి పైన రాసింది ఆ రోజు నేర్చుకున్నదే.

కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు. కొట్లో సీసా కొంటే దాని మీద 'స్టిల్' అని ఉందేమో చూడండి, లేకపోతే సోడా వస్తుంది. హోటల్లో కూర్చోగానే మంచినీళ్ళ గ్లాసు పెట్టరు. నీళ్ళకూ డబ్బు తీసుకుంటారు.

చేతిలో కొంత నగదు ఉంచుకోండి. చిన్న బేకరీలు, సంత దుకాణాలు కొన్ని కార్డు తీసుకోవు. సిమ్ కొంటే పాస్‌పోర్ట్ చూపించి నమోదు చేయించుకోవాలి.

4. ఇంట్లో మెలగడం

బాత్రూంతో మొదలుపెడదాం. బకెట్టూ చెంబూ ఉండవు. షవర్ అడుగున తప్ప బాత్రూం నేల మీద నీళ్ళు పోయే దారి చాలా ఇళ్ళలో ఉండదు. కాబట్టి నేల మీద నీళ్ళు కొట్టి కడగడం కుదరదు. స్నానం అయ్యాక షవర్ గోడల్నీ అద్దాన్నీ రబ్బరు పట్టీతో తుడిచి, కిటికీ తెరిచి రావాలి. అక్కడ చాలాచోట్ల నీళ్ళలో సున్నం ఎక్కువ, తుడవకపోతే తెల్లటి మరకలు కట్టేస్తాయి. మగపిల్లలు కమోడ్ మీద కూర్చునే మూత్రం పోయాలని చాలా వేగేల్లో నియమం ఉంటుంది. కొన్నిచోట్ల గోడ మీద రాసి కూడా పెడతారు. తప్పుగా అనుకోకండి, ఆ బాత్రూం కడిగేది మీతో ఉండేవాళ్ళే, వచ్చేవారం మీరే.

ఎవరు ఏ వారం ఏది శుభ్రం చేయాలో పుట్స్‌ప్లాన్ అనే పట్టికలో ఉంటుంది. మీ వంతు అడిగించుకోకుండా చేసి, టిక్కు పెట్టండి. ఆ టిక్కు వల్ల వచ్చే గౌరవం మరి దేనివల్లా రాదని నా అనుభవం.

కిటికీల సంగతి ఇంకా పెద్దది. సీలింగ్ ఫ్యాన్ ఉండదు, ఏసీ ఉండదు. రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి, ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. దీన్ని ల్యుఫ్టెన్ అంటారు, అద్దె కాగితంలో కూడా ఉండొచ్చు. ఎండలు ముదిరిన రోజుల్లో మాత్రం తిరగెయ్యాలి: పొద్దున్నే కిటికీలు మూసి, రోలర్ షట్టర్లు దించేసి గది చీకటి చెయ్యండి, రాత్రి చల్లబడ్డాక అన్నీ తెరవండి. మా తాతయ్య మండువా ఇంట్లో వేసవిలో చేసేదీ ఇదే. ఇంకో సంగతి, కిటికీ పిడి పైకి తిప్పితే కిటికీ పైభాగం మాత్రం లోపలికి వాలుతుంది. మొదటిసారి చూసినప్పుడు కిటికీ ఊడిపోయిందేమోనని నా గుండె ఆగినంత పనైంది.

జూన్లో పొద్దు తొమ్మిదిన్నర దాటాక గాని కుంకదు. ఐదింటికే తెల్లారుతుంది. నిద్రకు కళ్ళగంత దగ్గర పెట్టుకోండి.

చెత్తను విడగొట్టాలి. కాగితం, అట్టలు నీలం డబ్బాలోకి, ప్లాస్టిక్, రేకు ప్యాకింగులు పసుపు డబ్బాలోకో పసుపు సంచిలోకో, కూరగాయల తొక్కలు, టీ పిప్పి గోధుమరంగు దాంట్లోకి, మిగిలినవి నల్లదాంట్లోకి. ఊరిని బట్టి రంగులు కొద్దిగా మారతాయి. గాజు సీసాలు తెల్లవి, ఆకుపచ్చవి, గోధుమరంగువి విడివిడిగా వీధి చివర పెద్ద డబ్బాల్లో వెయ్యాలి. ఆ పని రాత్రిపూటా ఆదివారమూ చెయ్యకూడదు, చప్పుడవుతుంది. అనుమానం వస్తే అక్కడున్నవాళ్ళను అడగండి. ఊరగాయ కవరు ఏ డబ్బాలో వెయ్యాలో మా వేగేలో ఐదు నిమిషాలు చర్చించి తేల్చారు.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలి. వాక్యూమ్ క్లీనర్, డ్రిల్లింగ్, మిక్సీ ఏవీ అప్పుడు వద్దు. ఇడ్లీపిండి రుబ్బుకోవాలంటే శనివారం సాయంత్రమే కానిచ్చేయండి. ఇంటికి ఫోన్లో మాట్లాడేటప్పుడు మన గొంతు పెద్దదవుతుంది. గోడలు పలచనివని గుర్తుంచుకోండి.

5. సరుకులు, వంట

ఆల్డి, లిడ్ల్, పెన్ని, నెట్టో చవక. రేవె, ఎడెకా కొంచెం ఖరీదు, రకాలు ఎక్కువ. సంచి మీరే తీసుకెళ్ళాలి. తోపుడుబండికి ఒక యూరో బిళ్ళ పెడితే గొలుసు ఊడుతుంది, బండి తిరిగి పెట్టాక బిళ్ళ వస్తుంది. కౌంటర్ దగ్గర చాలా వేగంగా లాగేస్తారు. అక్కడే సర్దుకుంటూ నిలబడకండి. అన్నీ బండిలోకి తోసేసి, డబ్బు కట్టి, పక్కనున్న బల్ల మీద తీరిగ్గా సర్దుకోండి.

అన్నానికి బాస్మతి అన్నిచోట్లా దొరుకుతుంది. మిల్ష్‌రైస్ అని రాసి ఉన్న బియ్యం కొనకండి, అది పాయసానికి వాడే పొట్టి బియ్యం, ముద్దయిపోతుంది. రోటె లిన్జెన్ అంటే మైసూరు పప్పే. కుక్కర్ లేకపోయినా పావుగంటలో ఉడుకుతుంది, నాకు మూడు నెలలు రోజూ దాంతోనే గడిచింది. కందిపప్పు, చింతపండు కావాలంటే ఏషియా షాప్‌కు వెళ్ళాలి. పచ్చిమిర్చి, కొత్తిమీర, వంకాయ, బెండకాయ టర్కీ వాళ్ళ కొట్లలో తాజాగా ఉంటాయి. పెరుగుకు నాటూర్‌యోగుర్ట్ అని చూసి 3.5 శాతం కొవ్వున్నది తీసుకోండి. ముందురోజు బయటపెట్టి ఉంచితే పెరుగన్నానికి సరిపడా పులుపు వస్తుంది.

పోపు పెట్టేటప్పుడు జాగ్రత్త. పడకగదుల్లో, నడవాలో పొగ పసిగట్టే అలారాలు తప్పనిసరిగా ఉంటాయి. వంటింటి తలుపు వేసి, కిటికీ తెరిచి, పొయ్యి పైనున్న ఎగ్జాస్ట్ ఆన్ చేసి, అప్పుడు ఎండుమిర్చి వెయ్యండి. ఇల్లంతా వాసన నిండుతుందని ముందే చెప్పండి. మా వాళ్ళు రెండోవారానికి "ఈ రోజు ఏం చేస్తున్నావ్" అని వంటింట్లోకి వచ్చి కూర్చునేవాళ్ళు.

శాకాహారులైతే పేరు చూసి మోసపోకండి. బంగాళాదుంపల వేపుడులో ష్పెక్ అనే పందిమాంసం ముక్కలు ఉండొచ్చు. జెల్లీ మిఠాయిల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలాటిన్ ఉండొచ్చు. "ఓనె ఫ్లైష్" అంటే మాంసం లేకుండా అని. మెన్సాలో, అంటే యూనివర్సిటీ భోజనశాలలో, ప్రతి వంటకం పక్కనా గుర్తులు ఉంటాయి. అక్కడ విద్యార్థులకు ఒక ధర, బయటివాళ్ళకు ఎక్కువ ధర. ల్యాబ్‌వాళ్ళు మీకు విద్యార్థి ధర వర్తించే కార్డు ఇప్పించగలరేమో మొదటి రోజే అడగండి.

సీసాలు పారెయ్యకండి. ప్లాస్టిక్ సీసా, డబ్బా కొన్నప్పుడు 25 సెంట్లు, బీరు సీసాకు 8, మళ్ళీ మళ్ళీ వాడే చాలా సీసాలకు 15 సెంట్లు ఫాండ్ అనే పేరుతో అదనంగా తీసుకుంటారు. సూపర్‌మార్కెట్లో మెషీన్లో వేస్తే చీటీ వస్తుంది. దాన్ని కౌంటర్లో ఇస్తే బిల్లులో తగ్గిస్తారు. బయట సీసా తాగేసినప్పుడు చెత్తకుండీలో పడెయ్యకుండా పక్కన నిలబెట్టి వెళ్తే, ఏరుకునేవాళ్ళకు ఆ పైసలు దక్కుతాయి. చాలామంది అలాగే చేస్తారు.

ఏప్రిల్ నుంచి జూన్ 24 దాకా తెల్ల ఆస్పరాగస్ అనే కాడల కూరగాయ కాలం. ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటుంది. నాకు రుచి పెద్దగా ఎక్కలేదు, కానీ ఒకసారైనా తిని చూడండి. జూన్లో ఊరి బయట స్ట్రాబెరీ తోటల్లో మీరే కోసుకుని తూకం వేయించుకోవచ్చు.

6. ల్యాబ్‌లో: టైమూ, పిలుపులూ

టైము చెప్పే పద్ధతి ముందు నేర్చుకోండి. "హాల్బ్ ద్రై" అంటే మాటకు మాట 'సగం మూడు'. అది మూడున్నర కాదు, రెండున్నర. మూడో గంటలో సగం గడిచిందని వాళ్ళ లెక్క. నేను ఒక మీటింగుకు గంట ఆలస్యంగా వెళ్ళడానికి ఇదే కారణం. క్లాసు టైము పక్కన సి.టి. అని ఉంటే చెప్పిన గంటకు పావుగంట తర్వాత మొదలవుతుంది, ఎస్.టి. అంటే సరిగ్గా ఆ నిమిషానికే. మిగతా అన్నిటికీ ఐదు నిమిషాలు ముందుండండి. ఆలస్యమయ్యేట్టుంటే ముందే మెసేజ్ పెట్టండి.

మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్ళకు డూ, జీ ఉన్నాయి. విద్యార్థులు ఒకరినొకరు మొదటి నిమిషం నుంచే డూ అంటారు. ఇంటి ఓనర్‌ను, ఆఫీసుల్లో వాళ్ళను, మెట్లు తుడిపించి రిపేర్లు చూసే హౌస్‌మైస్టర్‌ను జీ అనాలి. డూ అనుకుందామని పెద్దవాళ్ళే చెప్పాలి, మనం మొదలుపెట్టకూడదు. వరసలు కలపడం మాత్రం ఉండదు. అన్నా, అక్కా, ఆంటీ ఏవీ లేవు. ఇంటావిడ 'ఫ్రౌ' తర్వాత ఇంటిపేరు, అంతే. ప్రొఫెసర్‌ను సార్ అని పిలవకండి, వచ్చినప్పుడు లేచి నిలబడకండి. ల్యాబ్‌లో ఇంగ్లీషులో మాట్లాడేచోట పేరు పెట్టి పిలవమంటారు. మొదటి వారం నాలుక తిరగదు. అయినా పేరు పెట్టే పిలవండి, పిలవకుండా తప్పించుకుంటూ తిరిగితే వాళ్ళకు మీరు దూరంగా ఉంటున్నారనిపిస్తుంది.

అర్థం కాకపోతే తల ఊపకండి. ఇది నా తోటి తెలుగు విద్యార్థులకు మరీ మరీ చెప్తాను. మనం మర్యాదకు తల ఊపితే వాళ్ళు అర్థమైందనే అనుకుని వెళ్ళిపోతారు. ఆ తర్వాత పని తప్పితే 'ఎందుకు అడగలేదు' అనే అంటారు, తెలియనందుకు ఏమీ అనరు. మీ పనిలో తప్పు కూడా మొహమ్మీదే చెప్తారు. "ఇది సరిగా లేదు" అన్న ఒక్క మాటతో మొదలవుతుంది. అది పనిని గురించే, మీ గురించి కాదు. అదే మనిషి పది నిమిషాల తర్వాత భోజనానికి పిలుస్తారు, వెళ్ళండి. మధ్యాహ్నం ఎదురుపడ్డవాళ్ళు "మాల్‌ట్సైట్" అంటే మీరూ అదే అనండి, భోజనవేళ పలకరింపు అది.

కాఫీ మెషీన్ పక్కన గోడ మీద పేర్ల పట్టిక ఉంటుంది. కప్పు తాగిన ప్రతిసారీ మీ పేరు ఎదురుగా ఒక గీత గీసి, నెలాఖరుకు లెక్క కట్టాలి. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. ప్రసంగం అయ్యాక చప్పట్లకు బదులు పిడికిలితో బల్ల మీద తడతారు. నా చిన్న ప్రజెంటేషన్ అయ్యాక ఆ చప్పుడు విన్నప్పుడు ఏం జరుగుతోందో అర్థం కావడానికి క్షణం పట్టింది.

7. సైకిల్, రైలు

గ్యోటింగెన్ లాంటి యూనివర్సిటీ ఊళ్ళలో సైకిల్ ఉంటే చాలు. వెళ్ళిపోయే విద్యార్థుల దగ్గర పాతది కొనుక్కుని, వచ్చేటప్పుడు అమ్మేయండి. ముందూ వెనకా లైట్లు, మంచి తాళం ఉండాలి. కుడిపక్కనే తొక్కాలి. గుర్తులు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకు దారివ్వాలి. నడిచేవాళ్ళ ఫుట్‌పాత్ మీద తొక్కకూడదు. మీరు నడుస్తున్నప్పుడు సైకిల్ దారిలోకి వెళ్తే గంట గట్టిగా మోగుతుంది. రోడ్డు ఖాళీగా ఉన్నా ఎర్ర బొమ్మ వెలుగుతుంటే దాటకండి, పక్కన చిన్నపిల్లలుంటే అసలు వద్దు.

దూరాలకు డాయిచ్‌లాండ్ టికెట్ కొనండి. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి నెలకు 63. దేశమంతా సిటీ బస్సులు, ట్రాములు, ఎస్-బాన్ అనే లోకల్ రైళ్ళు, రీజినల్ రైళ్ళు అన్నీ ఎక్కొచ్చు. ఐసిఇ, ఐసి అనే వేగం రైళ్ళు మాత్రం ఎక్కకూడదు. నెలనెలా దానంతట అదే కొనసాగుతుంది. కాబట్టి ఆఖరి నెల 10వ తేదీ లోపు రద్దు చెయ్యడం మరిచిపోకండి. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోల జరిమానా. ప్లాట్‌ఫాం దగ్గర గేట్లుండవు, అయినా తనిఖీవాళ్ళు మామూలు బట్టల్లోనే రావొచ్చు.

8. పిలుపులూ, విందులూ

వేసవిలో గ్రిల్ పార్టీలు ఎక్కువ. ఎవరైనా పిలిస్తే "నేనేం తేవాలి?" అని అడగండి. అక్కడ అలా అడగడమే మర్యాద. మీ తాగేదీ కాల్చుకునేదీ మీరే తెచ్చుకోవాల్సి ఉంటుంది. నేను పులిహోర పట్టుకెళ్ళాను, గిన్నె ఖాళీగా తెచ్చుకున్నాను. గ్లాసులు తాకించి "ప్రోస్ట్" అన్నప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి, మందు తాగకపోతే ఆపిల్ రసం గ్లాసైనా సరే. ఎందుకు తాగవని ఎవరూ బలవంతపెట్టరు.

తిండి దగ్గర ఒక్కసారే అడుగుతారు. ఇంటావిడ మొదటిసారి చెర్రీ కేకు పెట్టబోతే, మన అలవాటు కొద్దీ "వద్దండీ" అన్నాను, రెండోసారి అడిగితే తీసుకుందామని. ఆవిడ సరేనని కేకు లోపల పెట్టేసింది. ఇంకో చిక్కు, ఏదైనా ఇవ్వబోతున్నప్పుడు ఒట్టి "డాంకె" అంటే చాలాసార్లు 'వద్దు, థాంక్స్' అని అర్థం. కావాలంటే "యా, గెర్నె" అనండి. హోటల్లో బిల్లు తెచ్చి "కలిపా, విడివిడిగానా" అని అడుగుతారు, స్నేహితుల మధ్య విడివిడిగా అనడమే మామూలు. "నేనిస్తా, నేనిస్తా" అన్న పోటీ ఉండదు. అందులో పిసినారితనమేమీ లేదు, ఎవరూ ఎవరికీ బాకీ పడకూడదన్న పట్టింపు అది.

పుట్టినరోజుకు ముందే శుభాకాంక్షలు చెప్పకండి, అరిష్టమంటారు. అర్ధరాత్రి దాటాక చెప్పాలి. కేకు తేవాల్సింది పుట్టినరోజు ఉన్నవాళ్ళే. ఆ మూడు నెలల్లో మీ పుట్టినరోజు వస్తే ల్యాబ్‌కు కేకు పట్టుకెళ్ళండి, లేదా రవ్వలడ్డు.

9. ఒంట్లో బాగాలేకపోతే

ఎమర్జెన్సీకి 112, పోలీసులకు 110. ప్రాణాపాయం కాదు కానీ డాక్టర్ కావాలి, రాత్రి, లేదా ఆదివారం అంటే 116117. ఎర్రటి 'ఎ' అక్షరం ఉన్న ఆపొటేకెలో మందులు దొరుకుతాయి. పారాసిటమాల్ కూడా సూపర్‌మార్కెట్లో ఉండదు. యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా ఇవ్వరు, మీరు వాడేవి ఉంటే డాక్టర్ చీటీతో సహా తీసుకెళ్ళండి. గడ్డిలో, అడవిలో తిరిగి వస్తే కాళ్ళు, చంకలు, మోకాళ్ళ వెనక పిడుదులు పట్టాయేమో చూసుకోండి. పట్టి ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని లాగెయ్యాలి. ఆ చోట రోజులు గడిచేకొద్దీ ఎర్రటి వలయం పెరిగితే డాక్టర్ దగ్గరికి వెళ్ళి తీరాలి.

10. ఆదివారాలు

ఇల్లు గుర్తొచ్చేది ఆదివారమే. వీధులు ఖాళీ, కొట్లు మూత, ఎవరి ఇంట్లో వాళ్ళు. మనకూ వాళ్ళకూ వేసవిలో మూడున్నర గంటల తేడా. అక్కడ పొద్దున 9 అయితే ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, అమ్మావాళ్ళు భోజనానికి కూర్చునే వేళ. నేను ఆ టైముకే వీడియోకాల్ చేసేవాణ్ణి. తర్వాత గదిలో ఉండిపోకుండా బయటికి వెళ్ళేవాణ్ణి. అదొక్కటి మానకండి.

గ్యోటింగెన్‌లో పాత ఊరి చుట్టూ ఒకప్పటి కోటగోడ గట్టు మీద చెట్ల నీడన నడిచే దారి ఉంది. ఊరి శ్మశానంలో భౌతిక శాస్త్రవేత్తలు మాక్స్ ప్లాంక్, మాక్స్ బోర్న్, గణిత శాస్త్రవేత్త హిల్బెర్ట్ సమాధులు ఉన్నాయి. "మనం తెలుసుకోవాలి, మనం తెలుసుకుంటాం" అన్న హిల్బెర్ట్ మాటలు ఆయన రాయి మీద, క్వాంటం సమీకరణం బోర్న్ రాయి మీద చెక్కి ఉంటాయి. హిట్లర్ ప్రభుత్వం తన ఉద్యోగం తీసేశాక ఆ బోర్న్ 1935లో సి.వి. రామన్ పిలుపు మీద బెంగళూరు వచ్చి కొన్ని నెలలు ఉన్నాడు. అది తెలిసి ఆ రాయి ముందు చాలాసేపు కూర్చున్నాను. చౌరస్తాలో గాన్జెలీజెల్ అనే, బాతులు కాచే అమ్మాయి విగ్రహం ఉంది. డాక్టరేట్ వచ్చినవాళ్ళను అలంకరించిన బండిలో తెస్తారు, వాళ్ళు పైకెక్కి ఆ అమ్మాయికి ముద్దిచ్చి పూలు పెడతారు. మీ ల్యాబ్‌లో ఎవరిదైనా ఉంటే తప్పకుండా వెంట వెళ్ళండి.

ఒక రోజంతా దొరికితే హార్ట్స్ కొండలకు వెళ్ళండి. రీజినల్ రైల్లో బాడ్ హార్ట్స్‌బుర్గ్ దిగి, అడవి దారిన బ్రోకెన్ శిఖరం ఎక్కొచ్చు. 1141 మీటర్లు, ఉత్తర జర్మనీలో అన్నిటికన్నా ఎత్తు. రెండు జర్మనీలు ఉన్న రోజుల్లో అది సరిహద్దు సైన్యం చేతిలో ఉండేది. మామూలు జనం మళ్ళీ పైకి వెళ్ళగలిగింది 1989 డిసెంబరులోనే. కింద ఎండగా ఉన్నా పైన ఈదురుగాలి, పొగమంచు. స్వెటర్ ఇక్కడే పనికొస్తుంది. ల్యాబ్‌వాళ్ళను "నాతో వస్తారా?" అని అడగండి. బుధవారమే అడగండి, శనివారం రాత్రి కాదు. వాళ్ళకు తీరిక ముందే నిర్ణయమై ఉంటుంది.

11. గది అప్పగించడం

ఆఖరి వారం పనులు ఇవి. సైకిల్ అమ్మడం, లైబ్రరీ పుస్తకాలు, ల్యాబ్ తాళం ఇచ్చెయ్యడం, కాఫీ గీతల లెక్క కట్టడం, గదిలో పోగైన సీసాలన్నీ మెషీన్లో వెయ్యడం. వెళ్ళిపోయేవాళ్ళే ల్యాబ్‌కు తినడానికి ఏదైనా తేవాలి. నేను ముందురోజు ఉప్మా చేసి పట్టుకెళ్ళాను. ఫ్రిజ్‌లో మీ అర, బాత్రూంలో మీ గూడు ఖాళీ చెయ్యండి. పొయ్యి అద్దం మీద పసుపు మరకలుంటే పొయ్యికి ప్రత్యేకంగా అమ్మే గీకుడు కత్తితో వస్తాయి.

గది అప్పగించేటప్పుడు ఓనర్, మీరు కలిసి చూసి, గోడలు, నేల, సామాను ఎలా ఉన్నాయో కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టాలి. మొదటి రోజు ఫోన్లో ఫొటోలు తీసి ఉంచుకుంటే ఇప్పుడు పనికొస్తాయి. అడ్వాన్స్ ఎప్పటికి, ఏ ఖాతాలో వేస్తారో అప్పుడే అడగండి. "ఏం అడుగుతాంలే, వేస్తారులే" అనుకోవద్దు, తేదీ రాయించుకోండి.

అన్నీ అయ్యాక కిందికి వెళ్ళి, గంట బటన్ పక్కన, పోస్టుడబ్బా మీద అంటించిన మీ పేరు చీటీలు రెండూ తియ్యండి. ఆ గదిలో పాత మనిషి పేరు అడుగున అలాగే ఉంటుంది. నేను నా చీటీని పాస్‌పోర్టులో పెట్టుకున్నాను.